టెయిల్ లైట్లకు స్మోక్: ఫిల్మా, స్ప్రేనా, కొత్త ల్యాంపా?

కారు వెనక లైట్లు నల్లగా కనిపించాలంటే ఇంట్లో చేసుకోగలిగే పనులు మూడున్నాయి: స్మోక్ ఫిల్మ్ అతికించడం, స్ప్రే కొట్టడం, ఎండాక తొక్కలా ఊడివచ్చే రబ్బరు కోటింగ్ వేయడం. నాలుగోది, లైటు సెట్టునే మార్చేసి తయారీలోనే స్మోక్ లెన్స్‌తో వచ్చినదాన్ని బిగించుకోవడం. అయిదో దారి గురించి షాపుల్లో పెద్దగా చెప్పరు కానీ ఎక్కువమందికి సరిపోయేది అదే. వెలిగే భాగాన్ని ముట్టుకోకుండా, దాని చుట్టూ ఉన్న వెలగని భాగాన్ని మాత్రమే నలుపు చేయడం.

వీటిలో ఒకటి ఎంచుకునేటప్పుడు ధర, మెరుపు, ఎన్నాళ్లు మన్నుతుంది అన్నవి తర్వాతి సంగతులు. ముందు అడగాల్సినవి రెండు. పనయ్యాక బ్రేక్ లైటు నుంచి ఎంత వెలుతురు బయటికొస్తుంది? నచ్చకపోయినా, పోలీసులు ఆపినా గంటలో తీసేయగలమా? ఈ రెండు ప్రశ్నలకూ స్ప్రే దగ్గర మంచి జవాబు లేదు. అందుకే రోజూ రోడ్డెక్కే కారుకు స్ప్రే వద్దంటాం. ఫిల్మ్ వేయాలనుకుంటే వెలగని భాగాలకే. లైటంతా ఒకే నలుపుగా ఉండాలన్న కోరిక బలంగా ఉంటే డబ్బు పోగేసుకుని ఆమోదం ఉన్న స్మోక్ ల్యాంప్ కొనండి. ఎందుకో కింద వివరంగా ఉంది.

నలుపు లెక్క

ఫిల్మ్ మీద రాసే శాతం అంటే దాని గుండా దాటివచ్చే వెలుతురు. 70 శాతం ఫిల్మ్ లేతది, 20 శాతం ఫిల్మ్ ముదురుది. పొరలు పడినకొద్దీ ఈ శాతాలు కూడుకోవు, గుణించుకుంటాయి. 50 శాతం ఫిల్మ్ మీద మరో 50 శాతం పొర వేస్తే మిగిలేది 25 శాతం. స్ప్రేలో ప్రతి కోటూ ఇలాగే పనిచేస్తుంది కాబట్టి మూడో కోటు, నాలుగో కోటు దగ్గర వెలుతురు ఒక్కసారిగా పడిపోయినట్టు అనిపిస్తుంది.

ఐక్యరాజ్యసమితి 7వ నిబంధన ప్రకారం బ్రేక్ లైటు నేరుగా వెనక్కి కనీసం 60 క్యాండెలా (వెలుతురు తీవ్రతకు కొలత), టెయిల్ లైటు కనీసం 4 క్యాండెలా ఇవ్వాలి. మీ కారు లైటు ఈ కనీసం కంటే ఎంత ఎక్కువ ఇస్తుందో లెన్స్ చూసి చెప్పలేం. సరిగ్గా 60 ఇచ్చే లైటు మీద 20 శాతం ఫిల్మ్ వేశారనుకోండి, మిగిలేది 12. మామూలు కారు టెయిల్ లైటు, అంటే బ్రేక్ తొక్కకుండానే వెలుగుతూ ఉండేది, ఆ స్థాయిలో ఉండవచ్చు. రాత్రి హైవే మీద వెనక వచ్చే లారీ డ్రైవరుకు మీరు బ్రేక్ తొక్కారని కాక, ముందు ఏదో కారు పోతోందని మాత్రమే తెలుస్తుంది. మీ లైట్లలో టెయిలూ బ్రేకూ ఒకే నిష్పత్తిలో తగ్గాయి కాబట్టి తేడా అలాగే ఉంటుందని కొందరు వాదిస్తారు. కానీ వెనక డ్రైవరు పోల్చుకునేది మీ లైటును మీ లైటుతోనే కాదు, కళ్లముందున్న మిగతా బండ్ల లైట్లతో కూడా.

గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. మీరు బ్రేక్ తొక్కిన సంగతి వెనక డ్రైవరు అర సెకను ఆలస్యంగా గుర్తిస్తే 14 మీటర్లు చేజారినట్టే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డులాంటి చోట వేగం ఇంకా ఎక్కువ. లంబసింగి, అరకు వైపు శీతాకాలపు తెల్లవారుజామున మంచులో, వర్షంలో లారీ చక్రాలు లేపే తుంపరలో ఈ లెక్క మరింత కఠినం.

అందరూ రాత్రి గురించే ఆలోచిస్తారు కానీ ముదురు ఫిల్మ్ ఎక్కువగా దెబ్బకొట్టేది మధ్యాహ్నం ఎండలోనే. నున్నటి నల్లటి ఉపరితలం మీద ఆకాశం ప్రతిబింబిస్తుంది. లోపలినుంచి వచ్చే ఎరుపు ఆ మెరుపుతో పోటీపడాలి. గ్యారేజీ నీడలో బ్రేక్ తొక్కి చూసి బాగానే ఉందనుకున్న లైటు, ఎండలో నిలబెడితే వెలుగుతోందో లేదో తేల్చుకోలేనంతగా మసకబారుతుంది.

రిఫ్లెక్టర్ పరిస్థితి ఇంకా అన్యాయం. వెనక బండి హెడ్‌లైటు వెలుతురు ఫిల్మ్ గుండా లోపలికి వెళ్లి, మళ్లీ అదే ఫిల్మ్ గుండా బయటికి రావాలి. 50 శాతం ఫిల్మ్ అయితే తిరిగి వచ్చేది 25 శాతం, 30 శాతం ఫిల్మ్ అయితే 9 శాతమే. బ్యాటరీ చచ్చిపోయి కారు రోడ్డు పక్కన చీకట్లో ఆగినప్పుడు మిమ్మల్ని చూపించేది ఆ రిఫ్లెక్టర్ ఒక్కటే. చాలా కార్లలో అది కింద బంపర్‌లో విడిగా ఉంటుంది, కొన్నింటిలో టెయిల్ లైటులోనే కలిసి ఉంటుంది. దాని మీద ఏ రకం పొరా వేయకూడదు.

చట్టం సంగతి

షాపుల్లో 70 శాతం వరకు లీగల్ అనే మాట వినిపిస్తుంది. అది లైట్ల గురించి కాదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 100వ నియమం ముందు వెనక అద్దాలకు 70 శాతం, పక్క అద్దాలకు 50 శాతం వెలుతురు దాటాలంటుంది. 2012లో సుప్రీంకోర్టు బ్లాక్ ఫిల్మ్‌పై ఇచ్చిన తీర్పు కూడా అద్దాల గురించే. ల్యాంపుల విషయంలో ఇంత శాతం వరకు ఫరవాలేదు అనే మినహాయింపు లేదు. 105వ నియమం వెనక ఎర్ర లైటు 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలంటుంది. 104వ నియమం రిఫ్లెక్టర్ల గురించి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణలో వచ్చిన 182ఎ(4) ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

అమెరికాలో ఉన్నవాళ్లకు లెక్క ఇంకా గట్టిది. కాలిఫోర్నియా, టెక్సాస్ రెండింటిలోనూ టెయిల్ ల్యాంపు 1,000 అడుగుల నుంచి, అంటే సుమారు 305 మీటర్ల నుంచి స్పష్టంగా కనిపించాలి. బ్రిటన్‌లో ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో లెన్స్ మీది పొర వెలుతురును స్పష్టంగా తగ్గిస్తోందని తేలితే బండి ఫెయిల్.

లెన్స్ మీది అక్షరాలు చదవండి

ఏ దారి ఎంచుకున్నా ముందు చేయాల్సిన పని ఇది, ఖర్చు లేనిది. చాలా టెయిల్ లైట్ల లెన్స్ మీద చిన్న అచ్చు అక్షరాలుంటాయి. ఆర్1 అంటే టెయిల్, ఎస్1 అంటే బ్రేక్, 2ఎ అంటే వెనక ఇండికేటర్, ఏఆర్ అంటే రివర్స్ లైటు, ఎఫ్ అంటే వెనక ఫాగ్ లైటు, ఐఏ అంటే రిఫ్లెక్టర్. వృత్తంలో ఇంగ్లిష్ E అక్షరం, దాని పక్కన ఒక అంకె ఉంటే అది ఐరోపా పద్ధతి ఆమోదముద్ర.

ఆ తర్వాత చీకట్లో ఒకరిని కారులో కూర్చోబెట్టి పార్కింగ్, బ్రేక్, ఇండికేటర్, రివర్స్ ఒక్కొక్కటిగా వేయించండి. ఏ భాగం దేనికి వెలుగుతుందో లెన్స్ మీద మాస్కింగ్ టేప్‌తో గుర్తు పెట్టుకోండి. చాలామంది ఇక్కడే ఆశ్చర్యపోతారు. పెద్దగా కనిపించే లైటులో నిజంగా వెలిగేది సగమే, మిగతాది అలంకారపు ప్లాస్టిక్కే అయిన కార్లు చాలా ఉన్నాయి. ఇంకో సంగతి కూడా కళ్లకు కడుతుంది. రివర్స్ కెమెరాకు రాత్రిపూట దీపం ఆ రివర్స్ లైటే, కొన్ని కార్లలో అది ఒకవైపే ఉంటుంది. దాని మీద స్మోక్ వేస్తే తెర మీద చుక్కలు తప్ప ఏమీ కనబడదు.

ఫిల్మ్

ఇంట్లో చేసుకునేవారికి మూడింటిలో ఇదే మేలు. తీసేయవచ్చు, శాతం ముందే తెలుస్తుంది, లెన్స్‌ను గీతల నుంచి కొంత కాపాడుతుంది కూడా.

కొనేటప్పుడు మూడు రకాలు ఎదురవుతాయి. అద్దాలకు వేసే సన్ ఫిల్మ్ మిగిలిపోయింది కదా అని లైటుకు వాడతారు, అది కుదరదు. అది సాగని పాలిస్టర్, ఒక దిక్కుకు మాత్రమే వంగుతుంది. రెండు దిక్కులా ఉబ్బిన లెన్స్ మీద అంచుల్లో ముడతలు పడక తప్పదు. రెండోది పీవీసీ వినైల్ స్మోక్ ఫిల్మ్. వేడికి సాగుతుంది, చవక, ఒక జతకు కొన్ని వందల్లో అయిపోతుంది. మూడోది పీపీఎఫ్ (కారు పెయింటును గీతల నుంచి కాపాడే ఫిల్మ్) తరహా టీపీయూ అనే సాగే ప్లాస్టిక్‌తో చేసిన స్మోక్ ఫిల్మ్. మందంగా ఉంటుంది, బాగా సాగుతుంది, చిన్న గీతలు ఎండ వేడికి వాటంతటవే మానతాయి, ధర ఎక్కువ. లెన్స్ చదునుగా ఉంటే వినైల్ చాలు. కారు పక్కకు మెలితిరిగి వచ్చే లైటు అయితే టీపీయూకి పెట్టిన డబ్బు వృథా కాదు. ఏది కొన్నా అతి చవక రంగు ఫిల్మ్ వద్దు. మన ఎండకు దానిలోని నలుపు విరిగి ఊదా రంగులోకి తిరుగుతుంది.

కొలత: లైటు పొడవు, వెడల్పులకు అన్నివైపులా 5 సెంటీమీటర్లు కలపండి. మామూలు హ్యాచ్‌బ్యాక్ జతకు 30 సెంటీమీటర్ల వెడల్పు రోలు 120 సెంటీమీటర్లు సరిపోతుంది. డిక్కీ డోరు మీద కూడా లైటు ముక్క ఉన్న కార్లకు 180 నుంచి 200 తీసుకోండి. మొదటి ముక్క పాడవుతుందని అనుకునే కొనండి.

కావాల్సినవి: లీటరు నీళ్లలో 4, 5 చుక్కల బేబీ షాంపూ కలిపిన స్ప్రే సీసా, అంచుకు ఫెల్ట్ అతికించిన స్క్వీజీ (నీళ్లు తోసే పలక), హీట్ గన్ లేదా గట్టి హెయిర్ డ్రయర్, కొత్త బ్లేడు వేసిన కట్టర్, వీలైతే నైఫ్‌లెస్ టేప్ (ఫిల్మ్‌ను కోసే దారం ఉన్న టేపు), క్లే బార్ (అంటుకున్న మురికిని లాగే మెత్తటి ముద్ద), మైక్రోఫైబర్ గుడ్డలు రెండు.

ఇక్కడ ఒక హెచ్చరిక. టెయిల్ లైటు లెన్సులు ఎక్కువగా యాక్రిలిక్‌తో చేస్తారు. హెడ్‌లైట్లకు వాడే పాలీకార్బొనేట్‌కు ఉన్న గట్టితనం దీనికి లేదు. థిన్నర్, పెట్రోలు, ఎసిటోన్ తగిలితే లోపల సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి, అవి ఇక పోవు. గాఢమైన స్పిరిట్ కూడా ఒత్తిడిలో ఉన్న చోట్ల, ముఖ్యంగా స్క్రూల దగ్గర, అదే పని చేయగలదు. శుభ్రం చేయడానికి గిన్నెల సబ్బు నీళ్లు, క్లే బార్ చాలు. వేడి కూడా అంతే. యాక్రిలిక్ 100 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. హీట్ గన్ కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో, కదుపుతూనే ఉండాలి. ఫిల్మ్ మీద చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడెక్కితే ఆపేయండి.

పని నీడలో, గాలి దుమ్ము లేని చోట, లెన్స్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి.

1. కడిగి, క్లే బార్ రుద్ది, మళ్లీ కడిగి, ఆరబెట్టండి. లెన్స్‌కూ బాడీకీ మధ్య సందులో మట్టి ఉంటే అంచు నిలవదు. పాత టూత్ బ్రష్‌తో తీసేయండి.
2. వదిలేయాల్సిన భాగాల అంచుల వెంట నైఫ్‌లెస్ టేప్ వేయండి. దీని దారం ఫిల్మ్‌ను కింది నుంచి కోస్తుంది, లెన్స్ మీద బ్లేడు గీత పడదు.
3. లెన్స్‌నూ, ఫిల్మ్ జిగురు వైపునూ, మీ వేళ్లనూ తడపండి. ఫిల్మ్‌ను పరిచి, ఉబ్బు ఎక్కువ ఉన్న చోట మధ్యలో స్క్వీజీతో ఒక గీత లాగి నిలబెట్టండి.
4. మధ్య నుంచి అంచుల వైపు నీళ్లు తోయండి. మూలల దగ్గర ఫిల్మ్‌ను కొద్దిగా వేడిచేసి మెల్లగా లాగండి. పొడవులో అయిదో వంతుకు మించి సాగదీస్తే అక్కడ రంగు పలచబడి తెల్లటి మచ్చలా కనిపిస్తుంది. పైగా సాగిన ఫిల్మ్ వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది, వారంలో అంచు లేస్తుంది.
5. సందులోకి 2, 3 మిల్లీమీటర్లు మడిచే వీలు ఉంచి కోయండి. సరిగ్గా లెన్స్ అంచుకు కోస్తే ప్రెషర్ వాష్ మొదటి దెబ్బకే అక్కడ లేస్తుంది.
6. అంచులను మళ్లీ గోరువెచ్చగా చేసి గుడ్డతో గట్టిగా నొక్కండి. 48 గంటలు కడగవద్దు.

మర్నాడు కనిపించే చిన్న నీటి బుడగలు ఎండకు వాటంతటవే పోతాయి, వాటిని సూదితో పొడవకండి. గాలి బుడగలు పోవు. తేడా ఎలా తెలుస్తుందంటే, నొక్కితే నీటి బుడగ పక్కకు జరుగుతుంది, గాలి బుడగ అక్కడే నిలిచి మళ్లీ లేస్తుంది. అంచులు వేళ్లలా లేచి గీతలు పడ్డాయంటే తప్పు ఫిల్మ్‌ది కాదు, అక్కడ సాగదీయడం ఎక్కువైంది. ఆ ముక్క తీసి కొత్తది వేయడమే నయం, జిగురు పూసి అంటించడం వల్ల లెన్స్ పాడవుతుంది.

కడిగేటప్పుడు ప్రెషర్ గన్ రెండు అడుగుల దూరంలో, అంచుకు ఎదురుగా కాకుండా పట్టమని వాషింగ్ సెంటర్‌లో చెప్పండి.

స్ప్రే

అమెరికాలో వీహెచ్‌టీ నైట్‌షేడ్స్ పేరుతో దొరికేది ఈ రకంలో బాగా తెలిసినది. పల్చటి పారదర్శక నలుపు. బాగా చేస్తే తయారీలో వచ్చినట్టే కనిపిస్తుంది, అంచులు లేవవు, ముడతలుండవు. ఏ వంపు ఉన్నా ఒకటే. ఆకర్షణ అక్కడే. చిక్కులు ఆ తర్వాత మొదలవుతాయి.

మొదటిది, ఎంత వెలుతురు మిగిలిందో కొట్టేటప్పుడు తెలియదు. ఆరిపోయి ఉన్న ఎర్ర లెన్స్ మీద కన్ను నలుపును తక్కువగా అంచనా వేస్తుంది. చాలలేదనిపించి ఇంకో కోటు కొడతారు. లైటు వెలిగించి చూసేసరికి చెయ్యి దాటిపోతుంది. రెండోది, రెండు లైట్లూ ఒకేలా రావు. చెయ్యి వేగం కొద్దిగా మారినా, రెండు గీతలు ఎక్కువగా ఒకదాని మీద ఒకటి పడినా వెలిగినప్పుడు చారలు తేలతాయి. మూడోది అసలైనది: తీయడం. పూతలోని ద్రావకం లెన్స్ పైపొరను పట్టుకుంటుంది. తీయాలంటే 1000, 1500, 2000 నంబరు వాటర్ పేపర్లతో తడిగా రుద్ది, ఆపైన పాలిష్ చేయాలి. ఒక్కో లైటుకు గంటలు పడుతుంది, లెన్స్ అంచుల దగ్గర పూర్తిగా పోదు. కొత్త లెన్స్ కొనడమే చవకనిపిస్తుంది.

కోస్తా జిల్లాలవారికి ఇంకొక చిక్కు ఉంది. విశాఖ, కాకినాడలాంటి చోట్ల తేమ ఎక్కువున్న రోజు కొడితే ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరి పూత పాలలా తెల్లబడుతుంది. వానాకాలంలో ఈ పని పెట్టుకోకూడదు.

అయినా ప్రదర్శనకే ఉంచే కారుకు, లేదా విడిగా కొన్న పాత లైటు సెట్టుకు స్ప్రే వేయాలనుకుంటే, ఒరిజినల్ లైట్లు అటకమీద భద్రంగా పెట్టుకున్నాకే మొదలుపెట్టండి. లైటును కారు నుంచి విప్పి, వెనక బల్బు రంధ్రాలు, గాలి రంధ్రాలు టేపుతో మూసేయండి. 1000 నంబరు వాటర్ పేపర్‌తో మెరుపు పోయేదాకా తడిగా రుద్ది, కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. ముందుగా ఒక పారదర్శక యాక్రిలిక్ ముక్క మీద ఒక కోటు, రెండు కోట్లు, మూడు కోట్లు వేర్వేరుగా కొట్టి ఆరాక వెనక టార్చి పెట్టి చూడండి. లెన్స్‌కు 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి, ల్యాంపు అంచుకు బయటే నాజిల్ నొక్కి, అవతలి అంచు దాటాక వదలాలి. రెండు ల్యాంపులూ పక్కపక్కన పెట్టి ఒకే సంఖ్యలో గీతలు లెక్కపెట్టుకుంటూ కొట్టండి. కోటుకూ కోటుకూ మధ్య డబ్బా మీద రాసిన సమయం ఆగండి. పైన 2కే క్లియర్ కోట్ (హార్డ్‌నర్ కలిపి వేసే పారదర్శక పూత) లేకపోతే ఎండకు, కడుగుళ్లకు పూత మసకబారుతుంది. స్ప్రేమ్యాక్స్ 2కే లాంటి డబ్బాల్లో అడుగున మీట నొక్కితే హార్డ్‌నర్ కలుస్తుంది, 48 గంటల్లోపు వాడేయాలి. ఆ హార్డ్‌నర్‌లోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు ప్రమాదకరం. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు దీనికి పనికిరావు. ఈ ఒక్క దశను పెయింట్ బూత్ ఉన్నవారికి అప్పజెప్పడం మంచిది.

రబ్బరు కోటింగ్

ప్లాస్టి డిప్ తరహా కోటింగులు స్మోక్ రంగులోనూ వస్తాయి. అంచు పట్టుకు లాగితే ఊడివస్తాయన్నది గొప్ప. కానీ ముక్కలు ముక్కలు కాకుండా ఊడాలంటే పొర మందంగా ఉండాలి, మందంగా ఉంటే వెలుతురు పోతుంది. రెండూ కలిసిరావు. పైగా ఉపరితలం మసకగా, గరుకుగా ఉండి వెలుతురును చెదరగొడుతుంది, పెట్రోలు చుక్క పడితే మెత్తబడుతుంది. చక్రాల రిమ్ములకు ఇది చక్కటి వస్తువు, లైట్లకు కాదు.

స్మోక్ లెన్స్‌తో వచ్చే ల్యాంపు

బయటి లెన్స్ నల్లగా ఉన్నా లోపలి ఎల్‌ఈడీలు, రిఫ్లెక్టర్ ఆ నలుపును లెక్కలో పెట్టుకుని రూపొందించినవే అయితే బయటికొచ్చే వెలుతురు సరిపోతుంది. కొన్ని కార్లు షోరూమ్ నుంచే ఇలాంటి లైట్లతో వస్తాయి. వాటికీ, మామూలు ల్యాంపు మీద మీరు వేసే ఫిల్మ్‌కూ పైకి ఒకే రూపం, లోపల పోలికే లేదు.

చిక్కు మార్కెట్‌లో దొరికే నకళ్లతో. ఆన్‌లైన్‌లో, యాక్సెసరీ షాపుల్లో కనిపించే సెట్లలో ఆమోదముద్ర లేనివి చాలా ఉంటాయి. కొనేముందు లెన్స్ మీది అక్షరాలు చూడండి. ముద్ర లేదంటే, లేదా ముద్ర ఉన్నా ఐఏ అని రిఫ్లెక్టర్ గుర్తు లేకుండా, మీ కారు బంపర్‌లోనూ విడి రిఫ్లెక్టర్ లేకపోతే, వద్దు. వెనక రబ్బరు గాస్కెట్, నీరు పోయే రంధ్రాలు చూడండి. మొదటి వానకే లోపల ఆవిరి పట్టే సెట్లలో లోపం దాదాపు అక్కడే ఉంటుంది. కప్లర్, అంటే వైర్లను ల్యాంపుకు కలిపే ప్లగ్గు, మీ కారుదానికి నేరుగా కూర్చోవాలి. వైరు కోసి అతికించమంటే వారంటీ సంగతి ముందు సర్వీస్ సెంటర్‌లో అడగండి. మీ మోడల్‌లోనే పై వేరియంట్‌కు కంపెనీ స్మోక్ ల్యాంపు ఇస్తుంటే దాని పార్ట్ నంబరు కనుక్కోవడం అన్నిటికన్నా మంచి పని. ధర వేలల్లో ఉంటుంది, నాణ్యతతో పేచీ ఉండదు.

ల్యాంపు విప్పడం కష్టమేమీ కాదు. డిక్కీ లోపలి ట్రిమ్ తీస్తే రెండో మూడో నట్లు కనిపిస్తాయి. బయటివైపు ప్లాస్టిక్ పిన్నులుంటాయి కాబట్టి ల్యాంపును పక్కకు వంచకుండా నేరుగా వెనక్కి లాగాలి.

వెలగని భాగాలకే నలుపు

టేపుతో గుర్తులు పెట్టారు కదా, ఆ గీతలే ఇప్పుడు పనికొస్తాయి. వెలిగే కిటికీలన్నీ, రిఫ్లెక్టర్‌తో సహా, వదిలేసి మిగతా ప్లాస్టిక్ మీద ఫిల్మ్ వేస్తే కారు ఆగి ఉన్నప్పుడు లైటు చుట్టూ నల్లటి చట్రం ఏర్పడుతుంది. లైటు వెలిగితే ఎరుపు మరింత పదునుగా కనిపిస్తుంది. ఇక్కడ వెలుతురు లెక్కతో పని లేదు కాబట్టి 20 శాతం ఫిల్మ్ అయినా, మెరిసే పూర్తి నల్ల వినైల్ అయినా వేసుకోవచ్చు. ల్యాంపును పక్కల నుంచి కూడా చూడండి. పక్కకు తిరిగిన భాగంలోనుంచి వెలుతురు వచ్చే ల్యాంపులున్నాయి, అది కూడా వెలిగే భాగమే.

ముక్కలు చక్కగా రావడానికి లెన్స్ మీద మాస్కింగ్ టేప్ పూర్తిగా పరిచి, గుర్తుల వెంట పెన్సిలుతో గీసి, ఆ టేపును తీసి కాగితానికి అంటించి నమూనా చేసుకోండి. ఎడమ వైపు నమూనాను తిరగేస్తే కుడి వైపుకు సరిపోతుంది. పని ఎక్కువ, నైఫ్‌లెస్ టేప్ అలవాటు లేకపోతే మొదటిసారి విసుగు పుడుతుంది. అయినా మిగతా నాలుగు దారుల్లో లేని నిశ్చింత ఇందులో ఉంది.

ఎక్కువ వాట్ల బల్బు వేసేస్తే?

ఈ ఆలోచన అందరికీ వస్తుంది. మామూలు పీ21/5డబ్ల్యూ బల్బులో బ్రేక్ ఫిలమెంటు 21 వాట్లు, 440 ల్యూమెన్లు. టెయిల్ ఫిలమెంటు 5 వాట్లు, 35 ల్యూమెన్లు. హెచ్చు వాట్ల బల్బు వేస్తే హోల్డరు, లోపలి ప్లాస్టిక్ కరుగుతాయి, పైన నల్ల పొర ఉంటే ఎండ వేడి దానికి తోడు. తెల్ల ఎల్‌ఈడీ బల్బులో ఎరుపు పాలు తక్కువ కాబట్టి ఎర్ర లెన్స్ దాటి వచ్చేసరికి వెలవెలబోతుంది. ఎర్ర ఎల్‌ఈడీ కొంత నయం, కానీ ఫిలమెంటు ఉండాల్సిన చోట వెలుగు బిందువు లేకపోతే బల్బు చుట్టూ ఉన్న మెరిసే గిన్నె దాన్ని సరిగ్గా వెనక్కి పంపలేదు. ఒక మూల మెరుస్తుంది, మిగతాది చీకటి. ఇండికేటర్‌లో వేస్తే కరెంటు తక్కువ లాగడంతో వేగంగా కొట్టుకుంటుంది. నలుపును బల్బుతో సరిచేయడం కుదరని పని.

వేసే ముందు, వేశాక పరీక్ష

ఫిల్మ్ ప్యాకెట్ మీది శాతాన్ని నమ్మకండి. చీకటి గదిలో ఫోన్‌లో వెలుతురు కొలిచే లక్స్ మీటర్ యాప్ పెట్టి, మీటరు దూరంలో టార్చి బిగించి చదివిన అంకె రాసుకోండి. టార్చి ముందు ఫిల్మ్ ముక్క పెట్టి మళ్లీ చదవండి. రెండో అంకెను మొదటిదానితో భాగించి 100తో గుణిస్తే అసలు శాతం వస్తుంది. ఫోన్ సెన్సర్ అంత ఖచ్చితం కాకపోయినా నిష్పత్తికి సరిపోతుంది.

వెలిగే భాగం మీద ఏ పొర పడినా రోడ్డు పరీక్ష తప్పదు. మిట్టమధ్యాహ్నం, లైటు మీద నేరుగా ఎండ పడేలా ఖాళీ స్థలంలో కారు నిలపండి. ఒకరు కారులో కూర్చుని ఇష్టం వచ్చినప్పుడు బ్రేక్ తొక్కాలి. రెండో మనిషి వెనక 155 మీటర్ల దూరంలో, అంటే మామూలు నడకలో 200 అంగలకు కొంచెం పైన, నిలబడి లైటు వెలిగిన ప్రతిసారీ చెయ్యెత్తాలి. రెండు పక్కల లైట్లు కాక మధ్యలో పైన ఉండే మూడో బ్రేక్ లైటును ఈ పరీక్షకు గుడ్డతో కప్పండి, లేకపోతే దాన్ని చూసి చెయ్యెత్తుతారు. పదిసార్లలో ఒక్కసారి తప్పిపోయినా, ఆలస్యమైనా ఆ ఫిల్మ్ ఊడదీయండి. ఇదే పరీక్ష ఇండికేటర్లకూ చేయండి. మూడో బ్రేక్ లైటు మీద మాత్రం పరీక్షకు తప్ప ఎప్పుడూ ఏమీ కప్పవద్దు.

ఊడదీసేటప్పుడు ఫిల్మ్‌ను గోరువెచ్చగా చేసి, ఒక మూల లేపి, ఉపరితలానికి దాదాపు ఆనుకున్నట్టు తక్కువ కోణంలో నెమ్మదిగా లాగండి. నిటారుగా గుంజితే జిగురు లెన్స్ మీదే మిగిలిపోతుంది. మిగిలిన జిగురుకు కొబ్బరినూనె రాసి పావుగంట ఆగి, గుడ్డతో తుడిచి, సబ్బు నీళ్లతో కడిగితే చాలు. ఏళ్ల తరబడి ఎండలో ఉన్న వినైల్ పెళుసెక్కి గోరంత ముక్కలుగా విరుగుతుంది, కాబట్టి అంచులు గట్టిపడటం కనిపించగానే మార్చేయండి.